ఎర్రదీపం వెలిగిన డిస్కు

రెయిడ్ అన్న మాట వినగానే మనవాళ్ళకు ఆదాయపుపన్ను అధికారులో, సారా బట్టీల మీద విరుచుకుపడే పోలీసులో కళ్ళముందు మెదులుతారు. పొట్టకూటి కోసం నేను నిత్యం తంటాలు పడే రెయిడ్ వేరు. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణం నుంచి డేవిడ్ ప్యాటర్‌సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అనే ముగ్గురు ఒక పరిశోధనపత్రం వెలువరించారు. పెద్ద కంప్యూటర్లకు వాడే ఖరీదైన ఒకే ఒక్క డిస్కుకు బదులుగా, చౌకరకం చిన్న డిస్కులను పక్కపక్కన పేర్చి, అన్నిటినీ కలిపి ఒకే డిస్కుగా చలామణీ చేయించవచ్చునని దాని సారాంశం. చౌకవి కాబట్టి తరచూ చస్తాయి. ఒకటి చచ్చినా సమాచారం చావకుండా కొంత అదనపు లెక్క రాసిపెట్టుకోవాలి. పేరులోని 'ఐ' అక్షరానికి ఆ ముగ్గురూ చెప్పిన అర్థం 'చౌకైన' అని. దరిమిలా పరిశ్రమవారు దాన్ని 'స్వతంత్రమైన' అని మార్చుకున్నారు. చౌక అని పేరు పెట్టుకొని లక్షలకు అమ్మడం కష్టం గదా!

ఆ అదనపు లెక్క ఎంత సులువైనదో చెబితే నమ్మరు. మూడు డిస్కుల్లో ఒకే వరుసన ఉన్న మూడు అంకెలు తీసుకోండి. ఒక్కొక్కటీ ఒకటో, సున్నో అయి ఉంటుంది. వాటిలో ఒకట్లు సరిసంఖ్యలో ఉంటే నాలుగో డిస్కులో సున్న రాస్తాం, బేసిసంఖ్యలో ఉంటే ఒకటి రాస్తాం. అంటే నాలుగింటినీ కలిపి చూస్తే ఒకట్లు ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఉంటాయన్నమాట. ఇప్పుడు నాలుగింట ఏ ఒక్కటి మాయమైనా, మిగిలిన మూడింటినీ చూసి పోయినదేమిటో ఒకటో తరగతి పిల్లవాడు కూడా చెప్పగలడు. ఈ లెక్క అంకెను ఎప్పుడూ ఒకే డిస్కులో దాచక వంతులవారీగా అన్నిటికీ పంచితే అది 'రెయిడ్ 5'. ఒకటి పోతే ఫరవాలేదు. రెండు పోతే మాత్రం ఏ లెక్కా ఆదుకోదు.

మా అనంతపురం జిల్లావాళ్ళకు ఇదే సంగతి చెరువుల భాషలో చెబితే త్వరగా ఎక్కుతుంది. గొలుసుకట్టు చెరువుల్లో పైచెరువు మరవ పారితే కిందిచెరువు నిండుతుంది. పైచెరువు కట్ట తెగితే ఆ నీళ్ళన్నీ ఒక్కుమ్మడిగా కిందిచెరువు మీద పడతాయి. ఎలుక బొరియలతో అప్పటికే వదులైన కట్ట అయితే అదీ తెగుతుంది. డిస్కుల వరుసలోనూ అంతే. ఒకటి చచ్చిందని దాని స్థానంలో కొత్తది పెట్టగానే, దాన్ని నింపడానికి మిగిలిన మూడింటినీ మొదటి నుంచి చివరిదాకా గంటల తరబడి ఎడతెరిపి లేకుండా చదవవలసి వస్తుంది. ఏళ్ళుగా ఎవరూ ముట్టని మూలల్లోని పుచ్చు అప్పుడు బయటపడుతుంది. మామూలు రకం డిస్కుల్లో పన్నెండున్నర టెరాబైట్లు చదివితే ఒకచోట చదవలేకపోవచ్చునని తయారీదార్లే తమ కరపత్రాల్లో ఒప్పుకుంటారు. నిజానికి డిస్కులు అంతకంటే మెరుగ్గానే ప్రవర్తిస్తాయి గాని, వయసు మళ్ళినవాటి విషయంలో ఆ లెక్కను కొట్టిపారేయలేం. ఒక డిస్కు చచ్చిన క్షణం కన్నా, దాన్ని బాగుచేస్తున్నామనుకొని మనం గడిపే గంటలే ఎక్కువ ప్రమాదకరమైనవని నా అనుభవం.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడి కాలంలోది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలతో పాటు, ఉండకూడని ఆరు దోషాలనూ అది ఏకరువు పెడుతుంది. ఆ దోషాల్లో ఒకటి కట్టలోంచి నీరు ఊరడం. కట్ట తెగడాన్ని కాక, ఊటను దోషంగా లెక్కించిన ఆ శాసనకర్త ఇవాళ ఉంటే మా కచేరీలో పెద్ద ఉద్యోగమే ఇప్పించి ఉండేవాణ్ణి.

ఇక అసలు కథ కుందుర్పిది. జిల్లాకు నైరుతి దిక్కున, కర్ణాటక సరిహద్దులో, దుర్గం కొండ నీడన ఉన్న ఊరు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన జిల్లా సగటు అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ సగటు ఏ ఏడు ఎవరి చేను మీద పడిందో పుస్తకాలు చెప్పవు. వేరుశనగ వేయడం, మోడం పట్టిన ఆకాశం కేసి చూడడం, బోరు వేయడం, ఆ బోరు ఎండడం - ఇదీ అక్కడి బతుకు. మా మేనమామ ఆ ప్రాంతపు బడుల్లోనే తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాడు. తీసుకున్నాడని మాటవరసకు అనడమే. చేతిలో ఇమిడే రికార్డరు ఒకటి పట్టుకొని, చుట్టుపట్ల ఊళ్ళలోని ముసలివాళ్ళ ముందు కూర్చుని, కాయలు ఒలిచేటప్పుడు పాడే పాటలు, పెళ్ళి పాటలు, కరువుల కథలు, బావులు తవ్విన వైనాలు, సగం కన్నడం సగం తెలుగు కలిసిన సామెతలు రికార్డు చేయడమే ఆయన విశ్రాంతి. ప్రతి రికార్డింగు మొదట్లోనూ ఆయన గొంతు వినిపిస్తుంది. ముందు తేదీ, తరవాత వాన సంగతి. అది లేకుండా ఒక్కటీ మొదలుకాదు.

ఇవన్నీ నాలుగు డిస్కులు పట్టే ఒక పెట్టెలో ఉండేవి. ఒక్కొక్కటీ 2 టెరాబైట్లది. రెయిడ్ 5 పద్ధతి. 2012లో కొన్నది. "నాలుగు ఉన్నాయి గదా, నాలుగు ప్రతులు ఉన్నట్టే" అని మామ ధీమా. అవి నాలుగు ప్రతులు కావు, ఒకే ప్రతిని నలుగురు మోస్తున్నారు, నలుగురిలో ఒకడు కూలబడినా పాడె కింద పడదు, అంతవరకే అని నేను చాలాసార్లు చెప్పాను. ఆ పోలిక విని అత్త చెవులు మూసుకుంది. మామ మాత్రం 2014 దాకా ఉన్నవాటిని విడిగా ఒక డిస్కులోకి ఎక్కించాడు. ఆ డిస్కు కాస్తా ఒకసారి అరుగు మీద నుంచి జారి పడింది. ఆ సంగతి నాకు తరవాత తెలిసింది.

2019 మే నెలాఖరున ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. వాన తక్కువ, గాలి ఎక్కువ. కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చింది. పెట్టె కూత మొదలుపెట్టింది. మూడో గదిలో ఎర్రదీపం వెలిగింది. మిగిలిన మూడింటితో పెట్టె యథావిధిగా పనిచేస్తూనే ఉండడంతో మామ వారం రోజులు ఆ కూతను భరించి, ఆ తరవాత కంప్యూటర్లు బాగుచేసే ఒక కుర్రవాణ్ణి పిలిపించాడు. కుర్రవాడు తెలివైనవాడే. తెర మీద 'డిస్కు 2 చెడిపోయింది' అని ఉంది. రెండో గదిలోని డిస్కును బయటికి లాగాడు. పెట్టె లోపలి లెక్క సున్నతో మొదలవుతుందనీ, దాని 2 మన 3 అనీ అతనికి చెప్పినవారు లేరు. అలా చచ్చిందనుకున్న డిస్కు లోపల ఉండగానే బతికున్నది బయటికి వచ్చింది. రెండు పోయాయి. వరుస కుప్పకూలింది. కంగారుపడి దాన్ని మళ్ళీ లోపలికి తోశాడు. అప్పుడు పెట్టె, కొత్త డిస్కు కనబడింది, ఇనిషియలైజ్ చేయమంటారా అని అడిగింది.

మామ ఫోన్ చేసింది అప్పుడు. ప్రాణం మీదికి వచ్చిందని కాదు. మాట అర్థం కాక.

"అల్లుడా, ఇనిషియలైజ్ అంటే ఏమప్పా? ఆరంభించడమనే గదా నిఘంటువులో ఉండేది. ఏడేండ్ల నుంచి నడుస్తా ఉండేదాన్ని ఇది మళ్ళా ఎక్కడి నుంచి ఆరంభిస్తుందంట?"

నలభై ఏళ్ళు పిల్లల వ్యాసాల్లో పదప్రయోగాలు దిద్దిన మనిషి కాబట్టి ఆ ప్రశ్న పుట్టింది. నాలాంటివాడైతే ఆలోచించకుండా 'అవును' మీట నొక్కి ఉండేవాడు. "మామా, ఏదీ నొక్కొద్దు. ఆ పిల్లోణ్ణి గూడా ఏదీ ముట్టుకోనీయొద్దు. మెల్లగా ఆఫ్ చేసి, ప్లగ్గు పీకి, అట్లే పెట్టేయ్" అన్నాను. మరునాడు వేకువనే ఖాళీ డిస్కులు సంచిలో వేసుకొని బెంగళూరులో బస్సెక్కాను.

నేను గడప తొక్కగానే అత్త అడిగింది: "ఏమప్పా, మీ అవ్వ గొంతు ఉందా, పోయిందా? అది చెప్పు ముందు."

అవ్వ 2011లో పోయింది. అంతకు రెండేళ్ళ ముందు, 2009 చలికాలంలో, మామ ఆమెనూ ఆమె ఈడు ఆడవాళ్ళనూ కూర్చోబెట్టి పదహారు రికార్డింగులు చేశాడు. వాటికి ఇంకెక్కడా ప్రతి లేదు.

ఇలాంటప్పుడు మొదట చేయవలసిన పని ఏమీ చేయకపోవడం. రెండోది, నాలుగు డిస్కుల మీదా ఉన్న క్రమసంఖ్యలను, ఏది ఏ గదిలోదో, కాగితం మీద రాసుకోవడం. మూడోది, అసలు డిస్కుల మీద ఒక్క అక్షరమైనా రాయకుండా ఒక్కొక్కదాన్ని ఉన్నదున్నట్టు ఖాళీ డిస్కుల్లోకి నకలు తీయడం. వైద్యమంతా నకళ్ళ మీదే. డీడీరెస్క్యూ అనే ఉచిత ఉపకరణం ఒకటుంది. అది మొండి చోట్ల దగ్గర ఆగి పంతం పట్టదు. సులువుగా వచ్చేదంతా ముందు తీసుకొని, మొరాయించినవాటిని గుర్తు పెట్టుకొని, ఆఖరున వాటి దగ్గరికి తిరిగి వస్తుంది. వేరుశనగ చెట్లు పెరికిన తరవాత మట్టిలో తెగి మిగిలిన కాయలను ఏరినట్టు. మొదటి మూడు డిస్కులూ ఒక్కొక్కటి ఆరేసి గంటల్లో సాంతం వచ్చేశాయి. ఎర్రదీపం వెలిగిన మూడోదానిలో ఒక్క చోటైనా చదవరానిది లేదు! నాలుగోది, పచ్చదీపంతో నిక్షేపంగా కనబడినది, రెండు రాత్రులు తీసుకొని కూడా ఏడు చోట్ల చదవలేనంది.

డిస్కులు తమ ఆరోగ్యం గురించి తామే కొన్ని లెక్కలు రాసుకుంటాయి. స్మార్ట్ అంటారు దాన్ని. మూడో డిస్కు లెక్కల్లో చెడిన గళ్ళు సున్న. అయితే 199వ పద్దు, అంటే తీగలో సంకేతాలు చెదిరిన సందర్భాల లెక్క, వేలల్లో ఉంది. నాలుగోదాని 197వ పద్దులో, చదవబోతే మొరాయించి తీర్పు కోసం ఎదురుచూస్తున్న గళ్ళు ఉన్నాయి. పెట్టెకు కరెంటు ఇచ్చే అడాప్టరుకు మల్టీమీటరు తగిలించి, భారం పడినప్పుడు చూస్తే పన్నెండు వోల్టులు రావలసినచోట పదకొండుకు కొద్దిగా పైన కొట్టాడుతోంది. విప్పి చూస్తే కెపాసిటర్ల నెత్తులు ఉబ్బి ఉన్నాయి. నాలుగు డిస్కులూ ఒక్కసారిగా తిరగబోయినప్పుడు కరెంటు చాలక ఒకటి తడబడింది. పెట్టె దాన్ని చచ్చినవాళ్ళ జాబితాలో వేసింది. అంటే వెలివేయబడినది ఆరోగ్యవంతం, లోపల కూర్చున్నది రోగిష్ఠి. పేరుకుపోయిన ఎర్రమట్టి దుమ్ము ఆ అడాప్టరుకు గాలి కూడా ఆడనివ్వలేదు.

ఇది ఎక్కడా జరగని వింత అనుకోకండి. 2007లో గూగుల్ వారు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ప్రచురించిన పత్రంలో, చచ్చిన డిస్కుల్లో 36 శాతానికి పైగా ముందస్తుగా ఏ స్మార్ట్ సూచనా ఇవ్వలేదని తేల్చారు. అదే ఏడు బియాంకా ష్రోడర్‌తో కలిసి మన గార్త్ గిబ్సన్ ఇంకో పత్రం రాశాడు. తయారీదారుల లెక్క ప్రకారం ఏడాదికి నూటికి ఒక డిస్కు కూడా పోకూడదు. వాస్తవంలో రెండు నుంచి నాలుగు మార్చవలసి రావడం మామూలేననీ, కొన్నిచోట్ల పదమూడు దాకా ఉందనీ చూపించారు. డిస్కుల చావులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావనీ, ఒకటి పోయినచోట ఇంకొకటి పోయే అవకాశం ఎక్కువనీ కూడా అందులో ఉంది. ఒకే పెట్టె, ఒకే అడాప్టరు, ఒకే దుమ్ము. సంబంధం లేకుండా ఎలా ఉంటుంది?

ఇక అతుకు వేయడం. ప్రతి డిస్కుకూ ఒక నుదుటిరాత ఉంటుంది. తాను ఏ వరుసకు చెందినదో, అందులో తన స్థానమేమిటో, ఆ వరుసలో ఇప్పటిదాకా ఎన్ని మార్పులు జరిగాయో అందులో రాసి ఉంటుంది. ఆ మార్పుల లెక్క ఒకటో, నాలుగో డిస్కుల్లో 42,120. కుర్రవాడు లాగిన రెండోదానిలో 42,117. వారం కిందట వెలిపడిన మూడోదానిలో 41,872. రెండోది మూడడుగులే వెనకబడింది, దాన్ని కలుపుకోవచ్చు. మూడోది వారం వెనకబడింది. దాన్ని కలిపితే పాతా కొత్తా కలగాపులగమై ఉన్నది కూడా పోతుంది. లినక్సులో ఎండీ-ఆడమ్ అనే ఉపకరణానికి రెండు ఆజ్ఞలున్నాయి. ఒకటి ఉన్న నుదుటిరాతలను చదివి వరుసను నిలబెడుతుంది. ఇంకొకటి కొత్త నుదుటిరాత రాస్తుంది. కంగారులో ఉన్నవాళ్ళు ఎక్కువగా నొక్కేది రెండోదాన్నే. నేను మొదటిదాన్నే, కొంచెం బలవంతం జోడించి, నకళ్ళ మీద, చదవడానికి మాత్రమే అనే షరతుతో వాడాను. వరుస లేచింది.

సంచుల పేర్లు కనబడ్డాయి. 2009 సంచి పేరూ కనబడింది. తెరిస్తే పదహారు రికార్డింగుల పేర్లు కూడా ఉన్నాయి. ఏ ఒక్కదాని మీద మీట నొక్కినా పలకదు.

నాలుగో డిస్కులో చదవరాని ఆ ఏడు చోట్లు ఒక్కొక్కటీ 4,096 బైట్లు. పాటలో అంతమేర పోతే ఒక టక్కుమనే చప్పుడు వినిపిస్తుంది, అంతే. రెండు ఖాళీ జాగాలో పడ్డాయి. నాలుగు, దించుకున్న పుస్తకాల్లో పడ్డాయి. ఏడోది పడకూడని చోట పడింది. ఏ దస్త్రం డిస్కులో ఎక్కడెక్కడ ఉందో చెప్పే చిరునామాల పట్టిక ఒకటుంటుంది. దాని ఒక్కో గడిలో పదహారు దస్త్రాల చిరునామాలు పడతాయి. పోయిన గడి సరిగ్గా ఆ పదహారింటిది. గొంతులు డిస్కులో ఎక్కడో భద్రంగానే ఉన్నాయి. దారి చెప్పేవాడు లేడు.

పుస్తకాల గురించి నేను బెంగపడలేదు. మీలో చాలామంది లాగే మామ కూడా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి తెలుగు పుస్తకాలను ఒక్కో పుట ఒక్కో బొమ్మగా, రాత్రుళ్ళు మేలుకొని దించుకున్నవాడే. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి గారి పది లక్షల పుస్తకాల సంకల్పంలో అది భాగం. ఎన్ని విమర్శలున్నా - వంకర పుటలు, తప్పుడు పేర్లు, కథల పుస్తకానికి వ్యాకరణం అట్ట - తెలుగువాడికి అది చేసిన మేలు అంతా ఇంతా కాదు. దాని సర్వర్లు తరచూ పడుకునేవి. 2017 తరవాత ఆ తలుపులు మూతపడ్డాయి. అయినా పుస్తకాలు పోలేదు. అప్పటికే కార్ల్ మలముద్ చొరవతో లక్షల పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి, ఇంకెన్నో మనవాళ్ళ ఇళ్ళలోని డిస్కుల్లో చెల్లాచెదురుగా ఉండనే ఉన్నాయి. ఆ పుటలు నేను రెండు నిమిషాల్లో మళ్ళీ తెచ్చుకోగలను. అవ్వను ఏ ఆర్కైవ్ నుంచి దించుకోను?

రెండు గంటలు వసారాలో అటూ ఇటూ తిరిగాక, వెలివేసిన మూడో డిస్కు గుర్తొచ్చింది. దాని జ్ఞానం వారం కిందటిది, నిజమే. కానీ 2009 నాటి పాటల చిరునామాలు ఆ వారంలో మారలేదు గదా! కొత్త విషయాల్లో దాని సాక్ష్యం చెల్లదు. పాత విషయాల్లో అది మిగతావాటి అంత నమ్మదగినదే. నాలుగో డిస్కులో పోయిన గడికి ఎదురుగా ఒకటి, రెండు, మూడు డిస్కుల్లో ఉన్న గళ్ళను తీసుకొని సరి-బేసి లెక్క కడితే నాలుగోది దానంతటదే వస్తుంది. అయితే మూడోది అక్కడ నిజం చెబుతోందని నమ్మకమేమిటి? అందుకూ ఒక ఉపాయం ఉంది. పోయిన గడికి అటూ ఇటూ ఉన్న గళ్ళు నాలుగు డిస్కుల్లోనూ బాగానే ఉన్నాయి. వాటిని కలిపి లెక్క కట్టి చూశాను. ఒకట్లన్నీ సరిసంఖ్యలో వచ్చి అంతా సున్న తేలింది. అంటే ఆ చుట్టుపక్కల నాలుగూ ఏకాభిప్రాయంతో ఉన్నాయి. పైథానులో ఇరవై పంక్తులు రాసి, తయారైన గడిని నాలుగో డిస్కు నకలులో దాని చోట పెట్టాను. పుస్తకాల్లోని నాలుగు చిల్లులూ అలాగే పూడాయి. ఖాళీ జాగాలోని ఒకదాని దగ్గర మాత్రం సున్న తేలలేదు. ఆ వారంలో అక్కడ ఏదో రాసి చెరిపేశారన్నమాట. దాన్ని వదిలేశాను.

వరుసను మళ్ళీ నిలబెట్టి మొదటి రికార్డింగు తెరిచాను. ముందు మామ గొంతు, పదేళ్ళు చిన్నది. తేదీ చెప్పింది. "ఆరు దినాల నుంచి మోడం పట్టింది. చినుకు లేదు" అంది. తరవాత గిన్నె ఎవరో నేల మీద పెట్టిన చప్పుడు, పక్కన ఎవరిదో నవ్వు, "దీంట్లో నోరు పెట్టాల్నా?" అని రికార్డరును గురించి అవ్వ అడగడం. అత్త వంటింట్లోంచి పరుగున వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. మామ కళ్ళద్దాలు తీసి, పదహారింటినీ వరసగా పెట్టమని సైగ చేశాడు. ఆ రాత్రి భోజనాలు చాలా ఆలస్యమయ్యాయి.

ఇప్పుడు రికార్డింగులన్నీ మూడు చోట్ల ఉన్నాయి: కొత్త అడాప్టరుతో ఆ పెట్టెలో, మామ బీరువాలో, బెంగళూరులో మా ఇంట్లో. ఏటా ఉగాదికీ దసరాకూ నేను ఒక డిస్కు తీసుకుపోయి ఇంకొకటి తెచ్చుకుంటాను. నెలకొకసారి నాలుగు డిస్కులనూ మొదటి నుంచి చివరిదాకా చదివి, ఎక్కడైనా ఊట మొదలైందేమో చూసుకునే పని పెట్టెకే అప్పగించాం. నాలుగో చోటు గురించి మాత్రం మా ఇద్దరికీ తగాదా తెగలేదు. అంతర్జాలంలో పెడదామని నేనంటాను. "వాళ్ళు పాడింది నా ముందర, లోకం ముందర కాదు. సగం మంది లేరు. యారినని అడిగేది?" అని మామ. ఉన్నవాళ్ళనూ, లేనివాళ్ళ పిల్లలనూ ఒక్కొక్కరినీ అడుగుతూ పుస్తకంలో సంతకాలో వేలిముద్రలో తీసుకుంటున్నాడు.

పెట్టె గదుల మీద మామ తన చేతిరాతతో కాగితపు ముక్కలు అంటించాడు. తెలుగు అంకెల్లో, సున్న నుంచి మొదలుపెట్టి: ౦, ౧, ౨, ౩.